అమ్మమ్మకి ఎన్ని మార్కులు?

'ఫైరీ ఫర్నేసెస్' అంటే అమెరికన్ అన్నాచెల్లెళ్లు మాథ్యూ, ఎలినార్ ఫ్రీడ్‌బెర్గర్. 2004లో వాళ్ల 'బ్లూబెర్రీ బోట్'కి పిచ్‌ఫోర్క్ పదికి 9.6 ఇచ్చింది. మరుసటి ఏడాది 'రిహార్సింగ్ మై కాయిర్'లో అమ్మమ్మ ఓల్గా సరాంటోస్‌ చేత షికాగో జ్ఞాపకాలు చెప్పించారు. మార్కులు 4కి పడిపోయాయి!

నేనూ మొదట అరగంటకే ఆపేశాను. పియానోది ఒక దారి, ఆవిడ గొంతుది ఒక దారి. సినిమాలకి చుక్కలేసే ఉద్యోగం కదా, విమర్శకులదే రైటనుకున్నాను. రెండోసారి వింటుంటే తెలిసింది. పడుచు ఓల్గాగా మనవరాలు పాడుతుంటే ముసలి ఓల్గా మధ్యలో అందుకుంటుంది. కథ ముందుకీ వెనక్కీ గెంతుతుంది. అచ్చం మా అమ్మమ్మే! ఆవిడా పెళ్లి దగ్గర మొదలెట్టి కరువులో తేలేది. "అబ్బా, ఆపు అమ్మమ్మా" అనేవాళ్లం.

ఆల్బమ్‌లో సాగదీత ఉంది, కాదనను. కానీ మా ఇంట్లోనూ టేప్‌రికార్డరు ఉండేది. అన్నీ సినిమా పాటలే ఎక్కించుకున్నాం.