సుపిన్ లోయలో నాలుగు రాత్రులు

ఢిల్లీ చలిని తిట్టుకొనని తెలుగు కుటుంబం ఉండదు. డిసెంబరు రాగానే ట్రంకు పెట్టెల నుండి రజాయిలు వెలికి వస్తాయి. గీజరు మొరాయించిన నాడు ఇంటిల్లిపాదికీ ముఖాలు ముడుచుకొంటాయి. మేమూ అట్టివారమే. ఫరీదాబాదులో మా క్వార్టరు మేడ మీద నుండి బదర్‌పూర్ థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు కనిపించేవి. ఆ కేంద్రం 2018 అక్టోబరు 15న శాశ్వతంగా మూతపడినది. ఢిల్లీకి నాలుగు దశాబ్దాలు వెలుగునిచ్చిన ఆ గొట్టాలు నిశ్శబ్దమైనా మా ఇంట దీపం ఆరలేదు. విద్యుత్తు మరొక చోటి నుండి వచ్చినది. విద్యుత్ రంగంలో ఉద్యోగం చేస్తున్న మాకు అది వింతగా కూడా తోచలేదు.

ఆ శీతకాలంలోనే, 2019 జనవరిలో, మా సెక్షనులోని గఢ్వాలీ మిత్రుడొకరు తమ మేనమామగారి ఇంటికి ఆహ్వానించారు. "ఫోను మోగదు, కరెంటు తీగ లేదు, వస్తారా?" అని అడిగారు. మేము దంపతులము, పద్నాలుగేళ్ల మా అబ్బాయి, మిత్రునితో కలసి బయలుదేరాము.

కశ్మీరీ గేటు బస్టాండులో రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి డెహ్రాడూన్ చేరాము. అక్కడి నుండి మసూరీ మీదుగా యమున దాటి, నౌగావ్, పురోలా, మోరీ గ్రామాలను దాటుకొంటూ సాంక్రీ చేరడానికి ఒక పగలంతా పట్టినది. దూరం సుమారు 200 కిలోమీటర్లే, కాని మలుపులు లెక్కకు అందవు. నైట్వార్ వద్ద రూపిన్, సుపిన్ నదులు కలసి టోన్స్ అనిపించుకొంటాయి. సాంక్రీ నుండి తాలూకా వరకు వేసవిలో జీపులు తిరుగుతాయి. మేము వెళ్లినప్పుడు దారి మంచుతో మూసుకొనిపోయి ఉన్నది. తాలూకాలో ఒక రాత్రి ఆగి, మరునాడు సుపిన్ ఒడ్డునే నడచి, గంగాడ్ సమీపాన కొండవాలులో ఉన్న ఆ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటినది.

ఆ లోయకు మన భారతంతో చుట్టరికం ఉన్నది. ఎగువన స్వర్గారోహిణి శిఖరం, ఎత్తు 6,252 మీటర్లు. పాండవులు ఆ దారినే వెళ్లారని అక్కడివారి నమ్మిక. ఓస్లా గ్రామంలోని ఆలయాన్ని పైనుండి వచ్చే యాత్రికులు దుర్యోధనుని గుడి అంటారు. ఊరివారు మాత్రం సోమేశ్వరుని గుడి అంటారు. మేము ఊరివారి మాటకే కట్టుబడితిమి.

ఇల్లు దేవదారు దూలాలు, రాయి కలిపి కట్టినది. అడుగున గొడ్లు, వాటికి ఎండుగడ్డి, నడుమ ధాన్యపు గాదెలు, పైన మనుషులు. గొడ్ల ఒంటి వేడి చెక్క సందులలో నుండి పైకి వస్తుంది. ద్వారం ఎంత పొట్టిదంటే మేము నాలుగు రోజులలో ఏడుసార్లు నుదురు కొట్టుకొన్నాము. ఇంటి పెద్ద మిత్రుని మేనమామగారి తల్లి. అందరూ ఆమెను దాదీ అనేవారు. మేమూ అట్లే పిలిచాము.

అక్కడ శీతకాలమంటే ముందుగా కూడబెట్టినది పొదుపుగా ఖర్చు చేయడమే. కట్టెలు, గడ్డి, పిండి అన్నీ మంచు పడకముందే ఇల్లు చేరాలి. వాగు మీద నడిచే తిరగలి నీరు గడ్డకట్టితే ఆగిపోతుంది కనుక పిండి ముందే విసరుకొంటారు. గొట్టపు నీరు మేము వెళ్లిన మరునాడే బిగుసుకొన్నది. అప్పుడు మంచు కరగించి తాగవలసినదే. గంగాళం నిండా నింపిన మంచు కరిగితే అడుగున చెంబుడు నీరు! మా శ్రీమతి మొదటి రోజు గిన్నెలు రెండుసార్లు తొలిచినది. రెండవ రోజు నుండి బూడిదతో తోమి గుడ్డతో తుడవడం నేర్చుకొన్నది.

భోజనం మాత్రం పరాయిగా తోచలేదు. వారు మండువా అనేది మన రాగులే, ఝంగోరా అనేది మన ఊదలే. రాగి రొట్టె, రాజ్మా పప్పు, మీద నెయ్యి. రాయలసీమలో పెరిగిన మాకు ఆ పొయ్యి పక్కన కూర్చొన్నప్పుడు చిన్ననాటి వాసన తగిలినది. మగవారు మాట్లాడుతూ, నడుస్తూ కూడా చేతిలో తకిలీ తిప్పుతూ ఉన్ని వడుకుతూనే ఉంటారు.

ఇక దీపం సంగతి. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి విద్యుత్తు చేరడంతో దేశంలోని గ్రామాలన్నీ వెలిగినట్లు ప్రకటించినప్పుడు కార్యాలయంలో మేమూ లడ్డూలు తిన్నాము. పది శాతం ఇళ్లకు కరెంటు అందితే గ్రామం వెలిగినట్లే లెక్క. మిగిలిన ఇళ్ల కొరకు 2017లో సౌభాగ్య పథకం వచ్చినది. తీగ చేరలేని ఇళ్లకు ఆ పథకం కింద సౌర ఫలకం, బ్యాటరీ, ఐదు ఎల్.ఈ.డీ. దీపాలు, ఒక పంఖా ఇచ్చేవారు. ఆ ఇంటికీ అవి చేరాయి. దీపాలు వెలుగుతున్నాయి. పంఖా మాత్రం దూలం మీద విశ్రాంతి తీసుకొంటున్నది. దాని అట్టపెట్టెలో దాదీ ఉన్ని కండెలు దాచుకొన్నది.

పూర్వం జిగురు నిండిన చీడ్ చెక్క పుల్లలే వారి దీపాలు. అవి బాగా మండుతాయి, చిక్కంతా అక్కడే. చెక్క ఇల్లు, పక్కన మరొక చెక్క ఇల్లు, అన్నిటా ఎండుగడ్డి. ఆ మోరీ ప్రాంతంలోనే సావణి గ్రామంలో 2018 ఫిబ్రవరిలో మంటలు లేచి ఎన్నో ఇళ్లు, గొడ్లు దగ్ధమైనాయి. ఏడాది తిరగకముందే మేము వెళ్లాము. ఆ భయం ఇంకా పచ్చిగానే ఉన్నది. ప్రతి రాత్రి అందరూ పడుకొన్న తరువాత దాదీ స్వయంగా నిప్పుల మీద బూడిద కప్పి, చేయి పెట్టి చూసిన పిదపనే పడుకొనేది.

మూడవ నాడు రోజంతా మంచు కురిసినది. అంతకు ముందు రెండు రోజులు కూడా మబ్బే. సౌర ఫలకం మీద మంచు పేరుకొన్నది. అది తెలిసి కూడా మేము చేసిన పని చెప్పుకొనడానికి సిగ్గుగా ఉన్నది. మూడు సెల్‌ఫోనులు, ఒక కెమేరా, సిగ్నలు లేని చోట ఎందుకో మాకే తెలియదు, వరుసగా ఆ బ్యాటరీకి తగిలించి పూర్తిగా నింపుకొన్నాము. వద్దని వారెవరూ అనలేదు. అతిథులము కదా!

ఆ రాత్రి రెండవ జామున అడుగున ఆవు ఈనడం మొదలుపెట్టినది. కోడలు మీట నొక్కినది. దీపం ఎర్రగా మిణుకుమని ఆరిపోయినది. మేనమామగారు చీడ్ పుల్ల అందుకొన్నారు. "వద్దు, గడ్డిలోకి నిప్పు వద్దు" అని దాదీ ఆయన చేయి పట్టుకొన్నది. మా ఫోను దీపం వెలిగించాము. ఆ చలికి నిండుగా ఉన్నదని చూపిన ఫోను నిమిషాలలోనే కన్ను మూసినది. రెండవదీ అంతే. టార్చిలోని సెల్స్ కూడా చలికి నీరసించాయి. మా అబ్బాయి వాటిని తీసి చంకలో పెట్టుకొని వెచ్చబరచి, మళ్లీ వేసి, వెలిగినంతసేపు చూపుతూ, ఆరగానే మళ్లీ చంకలో పెట్టుకొంటూ నిచ్చెన మెట్టు మీద గంటకు పైగా నిలబడినాడు. మిగిలినదంతా చీకటిలో ఆ కోడలు చేతులే చూసుకొన్నాయి. దూడ కాలు మడతపడి ఉన్నదని, సర్దుతున్నానని ఆమె మెల్లగా చెప్పడం వినిపించినది. తరువాత చాలాసేపు ఏ శబ్దమూ లేదు. మేము పైన చేతులు ముడుచుకొని కూర్చొన్నాము. మెగావాట్ల లెక్కలు వ్రాసే చేతులు!

తెల్లవారు జామున దూడ లేచి నిలబడినది. పెయ్యదూడ.

పొద్దుటే నిచ్చెన వేసుకొని కప్పు మీదికెక్కి, చెక్క పారతో మొదట కప్పును, తరువాత చేతి తొడుగులతో సౌర ఫలకాన్ని శుభ్రం చేశాము. పది గంటలకు గాని సూర్యుడు ఆ వాలుకు రాలేదు. రెండు దాటకముందే ఎదుటి కొండ వెనుకకు వెళ్లిపోయినాడు. ఆ నాలుగు గంటలూ మా అబ్బాయి అక్కడే కూర్చొని మంచు రేణువు కూడా నిలువనీయలేదు. మేము క్షమాపణ చెప్పబోతే దాదీ అర్థం కానట్లు చూసి, జున్నుపాలు గిన్నెలో పోసి ఇచ్చినది.

ఢిల్లీ చేరిన తరువాత మిత్రుని ద్వారా, చేతితో తిప్పితే వెలిగే టార్చి ఒకటి, దానికి తోడు మంచిది మరొకటి పంపినాము. వేసవిలో కబురు వచ్చినది. టార్చీలు రెండూ బాగున్నాయట. మేనమామగారు ఒకటి పొలానికి, కోడలు మరొకటి వాగుకు తీసుకొని వెళుతున్నారట. దాదీ మాత్రం గొడ్ల వద్దకు ఇప్పటికీ చీకటిలోనే, గోడ తడుముకొంటూ దిగుతున్నదట.