స్టేషన్‌లో ఎవరి పని ఏంటో మనకు తెలియాలి

నాది కొల్లిపర మండలం, ఎరుకల కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన పేటల్లో పోలీసుల గురించి ఒకటే మాట వింటాం: "వాళ్లతో మనకెందుకురా." హోంగార్డు వచ్చినా, ఎస్సై వచ్చినా మనవాళ్లకు అంతా ఒకటే ఖాకీ. ఎవరు ఎవరి కింద పనిచేస్తారో తెలియకపోతే, ఎవరిని ఏం అడగాలో కూడా తెలియదు. అందుకే ముందు అది చెబుతా.

మండలం స్టేషన్‌కి బాధ్యుడు ఎస్సై. ఆయన కింద ఏఎస్సై, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, తోడుగా హోంగార్డులు. పైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఆ పైన తెనాలిలో డీఎస్పీ, గుంటూరులో ఎస్పీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రేపల్లె, బాపట్ల వాళ్లు బాపట్ల ఎస్పీ కిందికి వెళ్లారు, మేం గుంటూరులోనే ఉన్నాం. రాష్ట్రం మొత్తానికి పెద్ద డీజీపీ, ఆయన ఆఫీసు మంగళగిరిలో.

స్టేషన్ లోపల కూడా పని పంచుకుని ఉంటుంది. గుమ్మం దగ్గర సెంట్రీ. రాత్రిళ్లు ఊళ్లు తిరిగేది బీటు వాళ్లు. కేసుల మీద కోర్టుకు తిరిగేది కోర్టు కానిస్టేబుల్. కాగితాలన్నీ చూసేది రైటర్. రోజూ ఏం జరిగిందో రాసేది జనరల్ డైరీ. మనకు ఎక్కువ పని పడేది రైటర్‌తోనే.

మా పిన్ని వాళ్లుండేది వేరే మండలం. పోయినేడు వాళ్ల పందులు మూడు రాత్రికి రాత్రి పోయాయి. వాటిని అమ్మి చెల్లెలి ఫీజు కట్టాలనుకుంది. అక్కడి ఒక స్టేషన్‌కి పోతే, "పందులకు కేసేంటమ్మా, మీవాళ్లే ఎవరో తోలుకుపోయుంటారు, వెతుక్కో" అని పంపేశారు. ఆ "మీవాళ్లే" అన్న మాట నాకు చెప్పడానికి పిన్నికి రెండు రోజులు పట్టింది.

ఈసారి నేనూ వెంట వెళ్లా. ఏ రాత్రి పోయాయి, ఎన్ని, ఎంత ఖరీదు, గుర్తులేంటి, అన్నీ తెల్లకాగితం మీద రాసి రెండు కాపీలు పట్టుకెళ్లా. "సార్, ఎఫ్ఐఆర్ కాపీ ఎప్పుడిస్తారు?" అని రైటర్ గారిని మర్యాదగానే అడిగా. ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఏం చదువుతున్నావ్?" అన్నాడు. చెప్పా. కూర్చోమన్నాడు. సాయంత్రానికి కాపీ చేతికొచ్చింది.

పందులు దొరకలేదు. కానీ మా ఇంట్లోవాళ్ల పేరు స్టేషన్ కాగితంలో ఫిర్యాదుదారుగా పడటం నేను చూడటం అదే మొదటిసారి. పిన్ని దాన్ని రేషన్ కార్డు దాచే కవర్లో పెట్టింది.

మన భయం ఊరికే రాలేదు. 1871లో తెల్లవాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913లో మన బాపట్ల దగ్గరే స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు, దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. ఎరుకల ఇంట్లో పుట్టడమే నేరం, హాజరు వేయించుకుంటూ బతకాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ ఆ చూపు పోలేదు. అనుమానం ఉన్నవాళ్ల మీద స్టేషన్లో తెరిచే ఫైలును హిస్టరీ షీటు అంటారు. వెనకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీల అమాయకుల పేర్లు అందులో ఊరికే ఎక్కించకుండా చూడాలని 2024 మేలో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

ఇవి గుర్తుపెట్టుకోండి:

1. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

2. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో జీరో ఎఫ్ఐఆర్ ఉంది. మా పరిధి కాదని వెనక్కి పంపకూడదు.

3. సాక్ష్యం అడగడానికి ఆడవాళ్లను స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్లున్న చోటికే రావాలి.

4. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

5. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి.

స్టేషన్లో మంచివాళ్లు లేరని నేననడం లేదు. కానీ ఎదురుగా మంచివాడుంటేనే పని జరగాలంటే అది మన అదృష్టం మీద ఆధారపడ్డట్టే. చేతిలో కాగితం ఉంటే ఎవరున్నా అడగొచ్చు.

డిగ్రీ అయ్యాక ఎస్సై నోటిఫికేషన్ పడితే రాస్తా. అమ్మ మాత్రం "ఆ ఉద్యోగమే దొరికిందా నీకు" అంటోంది. ఆ కుర్చీల్లో మనవాళ్లూ కూర్చుంటేనే కదా అమ్మ లాంటివాళ్లు గుమ్మం ఎక్కేది. మీలో ప్రిపేరవుతున్నవాళ్లుంటే చెప్పండి, కలిసి చదువుకుందాం. మీ పేటల్లో ఇట్లాంటివి జరిగుంటే రాయండి, పేర్లు మాత్రం పెట్టొద్దు.