పేరు పెట్టి పిలిచే దేవుడు



అమ్మను వైద్యానికి వేలూరు తీసుకువెళ్లిన సంగతి మీకు తెలుసు. పరీక్షలయ్యాయి, రిపోర్టు సోమవారం అన్నారు. శనివారం నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మే అంది: "కాసేపు ఎటైనా వెళ్లిరా నాయనా. నా దగ్గర చెల్లి ఉందిగా."

వేలూరు నుంచి వాణియంబాడి మీదుగా జవ్వాది కొండల్లోకి వెళ్తే కావలూరు వస్తుంది. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు గారి పేరుతో అక్కడ వేధశాల ఉంది. 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపు శాస్త్రవేత్తలది. శనివారం రాత్రి మబ్బు లేకపోతే మనలాంటివాళ్లకు 6 అంగుళాల టెలిస్కోపులో చూపిస్తారు.

ఆ రాత్రి శనిగ్రహం చూపించారు. అమ్మ కోసమని ఫోను ఆనించి ఫొటో తీశాను. చెయ్యి వణికింది. తెల్లటి మరక, అంతే. మూడుసార్లు తీసినా అదే. వెనక పిల్లలు ఎదురుచూస్తున్నారు. "సార్, ముందు కంటితో చూడండి" అన్నాడు అక్కడి ఉద్యోగి. ఫోను జేబులో పెట్టి చూశాను. చుట్టూ వలయంతో, చిన్న లాకెట్టులా, నిశ్చలంగా ఉంది.

తిరిగి వస్తూ బస్సులో, బప్పు గారి తండ్రి పనిచేసిన నిజామియా వేధశాల గుర్తొచ్చింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని వంతులుగా పంచుకుంటే, హైదరాబాదు వంతు వాళ్లు 1914 నుంచి 1929 వరకు గాజు పలకల మీద ఫొటోలు తీసి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఎంత కష్టం! అయినా అన్ని లక్షల్లో ఒక్కో నక్షత్రానికి దక్కేది ఒక నంబరే. అమ్మకూ ఆ వారమంతా నంబరే. ఫైలు మీద నంబరు, వరుసలో పిలిచే నంబరు. వేలమందిని చూసేచోట అది తప్పదు.

147వ కీర్తన 3, 4 వచనాలు తీసి చూడండి. గుండె చెదిరినవారికి కట్టు కట్టే దేవుడే నక్షత్రాలన్నిటికీ పేర్లు పెట్టాడని పక్కపక్కనే ఉంది. ఆ వాక్యం ఎన్నోసార్లు బోధించాను, ఎప్పుడూ నక్షత్రాల దగ్గరే గొంతు పెంచేవాణ్ణి. మూడో వచనం నాకు అవసరమైంది ఆ బస్సులోనే.

సోమవారం రిపోర్టు మేము ఆశించినట్టు రాలేదు. చికిత్స మొదలైంది. ఆ మసక ఫొటో చూపిస్తే అమ్మ నవ్వింది: "నీకు కనపడిందిగా, చాల్లే."

ప్రియులారా, మీలో ఎవరైనా ఇప్పుడు రిపోర్టు చేతపట్టుకుని కూర్చున్నారా? దేవుని కార్యం మసకగా కనిపిస్తోందా? ఆ మసక నా చేతి వణుకుది, ఆకాశానిది కాదు.

ప్రార్థన: తండ్రీ, మమ్మల్ని పేరుతో ఎరిగిన నీకు స్తోత్రం. వణికే మా చేతులను నీ చేతిలోకి తీసుకో. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.