పులిజూదము

పేరేసంద్ర, బాగేపల్లి ప్రాంతముల తెలుగిండ్లలో పెద్దలకు పులిజూదము క్రొత్త కాదు. చిన్ననాట మేమును అరుగుపై బొగ్గుతో గీతలు గీచి ఆడినవారమే. పులులు 3, మేకలు 15. బలములు సమానములు కావు, నియమములును వేరు. పులి ప్రక్కనున్న మేకను దాటి ఆవలి ఖాళీ చోటికి దుమికి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. పులులు కదలకుండ చుట్టుముట్టుటే దాని గెలుపు.

మా మనుమడు బల్లపై చిన్న బొమ్మలను నిలిపి, జర్మను తెగల వీరులకును కడపటి కాలపు రోమను సైనికులకును పోరు పెట్టి చూపినప్పుడు నాకీ యాటయే తలపునకు వచ్చెను. అట్టి బొమ్మల పోరునకు ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్సు 1913లోనే నియమములు వ్రాసెను. చరిత్రలోను అంతే. క్రీ.శ. 378లో ఆడ్రియానోపిలు కడ గోత్ జాతివారు చుట్టుముట్టగా, రోమను సైనికులు కత్తి దూయుటకైన చోటు లేక కూలిరి. చక్రవర్తి వాలెన్సు మడిసెను. పులిని కట్టుట యన నిదియే.

మన యాటలో మరియొక నీతి గలదు: వెనుక తోడున్న మేకను పులి దాటజాలదు. బడిలోను కచేరీలోను కన్నడమును గౌరవముతో వాడుకొను మన కుటుంబములకు ఇంటి తెలుగే అట్టి తోడు. మనుమలతో పులిజూదమాడుచు ఆ నాలుగు మాటలైనను తెలుగున పలుకుదము.