మా నెత్తిమీది గిలాబు

అమ్మకి అది ఛత్. పిల్లలకి స్లాబు. దాని అడుగున వేసే పూతను మేం గిలాబు అంటాం. కోస్తా నుంచి వచ్చిన మా తోటి విలేకరులు ప్లాస్టింగ్ అంటారు. గిలాబు మా ఉర్దూలోంచి తెలంగాణ తెలుగులోకి నడిచొచ్చింది. గచ్చు పార్సీ నుంచి, మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాయి. ఇన్ని భాషలు చెయ్యేస్తేగానీ ఒక ఇంటికి కప్పు పడదు. అయినా 'మీరెక్కడి నుంచి వచ్చారు' అని మమ్మల్నే అడుగుతారు.

ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లల్లో ఉన్నాం. ఫోన్లో మా తెలుగు విని ఇల్లు చూడ్డానికి రమ్మన్నవాళ్లే, ఎదురుగా పేరు చెప్పగానే 'నిన్ననే చుట్టాలకి ఇచ్చేశాం' అన్నారు. దొరికిన ఇళ్లల్లో పెచ్చులూడే కప్పుల కింద పడుకున్నాం. అందుకే నల్లగొండలో సొంతంగా రెండు గదులు వేసుకున్నప్పుడు గోడలకంటే ముందు పైకి చూశాం.

కప్పుకి గిలాబు చేయడం గోడకి చేసినంత సుళువు కాదు. స్లాబు అడుగు నున్నగా ఉంటే సిమెంటు పట్టదు. ముందు గాట్లు పెట్టాలి. మందం 6 మిల్లీమీటర్లు చాలు. ఎక్కువైతే తన బరువుకి తనే ఊడిపడుతుంది. కనీసం 7 రోజులు తడపాలి. ఆ తర్వాత దాదాపు నాలుగు వారాలు ఆరనివ్వాలి. కొత్త సిమెంటులో క్షారం ఉంటుంది. లోపలి చెమ్మ బయటికొస్తూ ఆ క్షారాన్నీ ఉప్పునీ వెంట తెస్తుంది. ఆరకముందే రంగేస్తే పొక్కి పొరలుగా లేస్తుంది.

ఇంతలో రంజాన్ వచ్చింది. 'పండక్కి సఫేదీ కూడా లేదా?' అన్నారు చుట్టాలు. రంగుల మేస్త్రీ ఒక ప్లాస్టిక్ కాగితం ముక్కని నాలుగువైపులా టేపుతో కప్పుకి అంటించి పోయాడు. మర్నాడు చూస్తే లోపలివైపు నీటిబొట్లు. "సార్, చెమ్మ ఇంకా ఉంది. ఇప్పుడు ఏస్తే పైసలు నాకొస్తయ్, పెచ్చులు మీకొస్తయ్" అన్నాడు.

బూడిదరంగు కప్పు కిందే ఈద్ చేసుకున్నాం. షీర్ ఖుర్మా తాగుతూ వచ్చినవాళ్లంతా పైకి చూశారు. చూడనీ అనుకున్నాం. నెల తిరక్కుండా ఖాళీ చేయమనేవాడు ఈ ఇంటికి లేడు. మాకేం తొందర?

ప్లాస్టిక్ కాగితం పొడిగా ఉన్న రోజున పని మొదలైంది. తెల్లగా పూసిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపారు. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తెల్లసిమెంటు లప్పం పల్చగా రెండుసార్లు లాగి, ఆరాక రుద్దారు. ఆ కాగితాన్ని మేస్త్రీ ఉప్పుకాగితం అన్నాడు, అమ్మ రేగ్మాల్ అంది. ఇద్దరికీ అర్థమైంది. బల్బు పక్కనుంచి పట్టుకుంటే ఎత్తుపల్లాలు నీడలై కనిపించాయి. వాటిని సరిచేసి ప్రైమర్ వేశారు. తర్వాత డిస్టెంపర్ రెండుసార్లు. అంచులకి బ్రష్షు, మధ్యలో రోలరు. ఒక వరస ఆరకముందే పక్క వరస కలపాలి, లేకపోతే చారలు పడతాయి. చివరి పూత కిటికీ వెలుతురు వచ్చే దిక్కుగానే సాగాలి.

రంగు కొనడానికి వెళ్తే, రసీదు మీద మా పేరు రాస్తూ దుకాణదారు అడిగాడు: "పచ్చ చూపించమంటారా సార్?" తెలుపు ఇమ్మన్నాం. చిన్న గదులు, ఒక్కో కిటికీ. కప్పు తెల్లగా ఉంటే ఉన్న వెలుతురే గదంతా పరుచుకుంటుంది. మా లెక్క అది. కానీ మా రంగేదో మమ్మల్ని అడక్కముందే తేల్చేసుకున్నవాళ్లకి ఈ లెక్క తట్టదు. పచ్చ వేస్తే 'చూశారా' అంటారు. తెలుపు వేస్తే 'దాస్తున్నారు' అంటారు.

రేపు మనసైతే ఒక గోడకి పచ్చరంగే వేసుకుంటాం. ఎవరో ఏదో అనుకుంటారని మానం. ఎవరో అనుకున్నారు కదా అని వెయ్యం.