రేగడిబురదలో పికప్పు బండి

భారతకథలో కర్ణుని రథచక్రము నేలలో క్రుంగిన ఘట్టమును తరగతిలో చెప్పునపుడు, అది యెందులకు క్రుంగినదని అడుగు బాలుడొకడు ఏటేటను ఉండును. శాపమని చెప్పి సాగిపోవుదుము, కథకది చాలును. కాని మా గ్రామమున వానకాలమునందు క్రుంగు చక్రములకును పెద్దలు ఇంచుమించు ఈ సమాధానమే చెప్పుదురు. "రేగడి అంతే; వాన పడ్డ నాలుగు రోజులూ కదలకూడదు" అందురు. పాలు విరిగినను విరుగును గాక, నొప్పులు వచ్చిన స్త్రీని నాలుగు దినములు ఎట్లు ఆపవలెనో వారు చెప్పరు.

మాది గుంటూరు సీమ. ఊరికిని తారుబాటకును నడుమ 3 కిలోమీటర్ల మట్టిబాట కలదు. వాన పడినచో అంబులెన్సు తారుబాటకడనే నిలిచిపోవును. అక్కడకు చేర్చుటకు ఊరిలోనున్నది ఒక్కటే పికప్పు బండి; దాని యజమాని మా కడ చదివినవాడే. నిరుడు శ్రావణమాసమున ఆ బండి దారినడుమ దిగబడగా, నిండుచూలాలిని నులకమంచముపై నలుగురు మోసికొనిపోయిరి. తల్లియు బిడ్డయు బ్రదికిరి. కాని ఆ రాత్రి తరువాత ఆ యువకుడు, ఉన్న యెకరమును తాకట్టుపెట్టి, నాలుగు చక్రములకును ఇంజనుబలము అందు క్రొత్తబండిని కొనవలెనని పట్టుపట్టెను. అతని భార్య మా యింటికి వచ్చి, "మీరైనా ఒక మాట చెప్పండి మాస్టారూ, ఆ ఎకరమే మాకున్న ఆధారం" అన్నది.

బండికి లోపించినది బలము కాదు. దిగబడినపుడు చక్రము ఆగిపోవుట లేదు గదా, గిఱగిఱ తిరుగుచునే యున్నది! లోపించినది పట్టు. రేగడిమన్నులోని బంకకు మాంట్‌మోరిల్లొనైటు అని శాస్త్రజ్ఞులు పేరుపెట్టిరి. దాని పలుచని పొరల నడుమకు నీరు చొరబడగా అది ఉబ్బును. ఎండగా ముడుచుకొని బీటలువాఱును. వేసవిలో కాలు పట్టునంత నెఱ్ఱెలను, వానలో కాలు విడువని జిగటను ఇచ్చునది ఆ యొక్క గుణమే.

తారుబాటకై చేసిన టైరునకు గాడులు సన్నములు. అవి నాలుగు చుట్లలో బురదతో పూడిపోవును. అటుపై ఆ టైరు అరిగిపోయిన బోడిటైరుతో సమానము. బురదకై చేసిన టైరునకు దిమ్మెలు పెద్దవి, నడుమ సందులు వెడల్పు. చక్రము తిరుగునపుడు ఆ సందులలోని మన్ను తనంత తానే విదిలిపోవును. మరల దిమ్మె నేలను కఱచును. ఈ టైర్లు తారుబాటపై రొద చేయును, త్వరగా అరుగును. ఆ నష్టమును దాచి చెప్పుట తగదు. వెడల్పయిన టైరే మేలను మాటయు అన్నిచోట్ల నిజము కాదు. బురద జానెడే యుండి క్రింద గట్టినేల యున్నచో, సన్నని చక్రము దానిని కోసికొనిపోయి గట్టిదనమును అందుకొనును. మన యెద్దుబండి చక్రము ఎత్తుగను సన్నముగను ఉండుటలోని మర్మమిదియే. పల్లెటూరి వడ్రంగికి ఇది పుస్తకములు లేకయే తెలియును!

టైరు మార్చక మునుపే చేయదగినది, కాసు ఖర్చు లేనిది, మఱియొకటి కలదు. గాలి తగ్గించుట. గాలి సగమైనచో టైరు నేలను ఆనుచోటు ఇంచుమించు రెట్టింపగును. బరువు పఱచుకొని చక్రము తక్కువగా క్రుంగును. 1942లో రూపుదాల్చిన డక్కు అను అమెరికా సైన్యపు ఉభయచర శకటమునకు, చోదకుడు కూర్చున్నచోటనుండియే టైరుగాలిని హెచ్చించి తగ్గించు నేర్పాటును యుద్ధము ముగియకమునుపే చేసిరి. మనకు చేతిపంపు చాలును. బరువు తేలికగా నున్నపుడు 40 పౌండ్ల గాలిని 25కు దించి, మెల్లగా నడిపి, తారుబాట యెక్కకమునుపే మరల నింపవలెను. నింపక వేగముగా పోయినచో టైరు వేడెక్కి చెడును.

వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు మఱియొక చిక్కు. మలుపులలో రెండు చక్రములు వేర్వేరు వేగముల తిరుగుటకై దానిని అమర్చిరి. కాని అది ఇరువైపులకును సమానబలమునే పంచును. ఒక చక్రము జారుడున పడి తేలికగా తిరుగజొచ్చినచో, గట్టినేలనున్న రెండవదానికిని ఆ స్వల్పబలమే అందును. దీనికి తాళమువంటి సాధనము కలదు. అది లేనివారు వెనుక ఇరుసుపై 4 ఇసుకబస్తాలు కట్టినను కొంత మేలు. ఖాళీ పికప్పునకు బరువంతయు ముందే యుండును గదా. ఇక కమానుల క్రింద దిమ్మెలుపెట్టి బండి నెత్తు చేయించుట మా కంతగా నచ్చదు. దానివలన తొట్టి లేచును గాని, గట్టి యిరుసున వ్రేలాడు డిఫరెన్షియలు గుండు లేవదు. అది లేవవలెనన్న పెద్దటైరే శరణ్యము. 2 అంగుళముల వ్యాసము పెరిగినచో 1 అంగుళము లేచును.

మే మివన్నియు చెప్పగా అతడు మొదట నవ్వెను. "టైర్లతో పనయ్యేదైతే అంత డబ్బు పోసి పెద్ద బళ్లు ఎందుకు కొంటారు మాస్టారూ?" అనెను. పిమ్మట భార్య మాట త్రోయలేక నాలుగు బురదటైర్లను, ఒక పంపును కొని, తాడు తగిలించుటకు ముందువెనుకల చట్రమునకే కొక్కెములు వేయించెను. బంపరునకు కట్టి లాగినచో అది యూడివచ్చి మనుష్యుల మీదికెగయును.

ఈ యేటి వానలలో బండి ఆఱుమార్లు తారుబాటకు పోయివచ్చినది, అందొకమారు రోగితో. ఎకరము తాకట్టు పడలేదు. తూము దగ్గఱ మాత్రము బురద మోకాలిలోతు; అచ్చట ఏ టైరును పనిచేయలేదు. పత్తికంప మోపులు పఱచి దాటించిరి. ఆ మోపులను రెండవ తరగతి గేరులో, ఆపక, చక్రము జాఱనీయక యెక్కించుటను అతడు తన భార్యకును నేర్పుచున్నాడు.