సెగ

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించాను. నల్లబల్ల మీద వనిలిన్ అణువు బొమ్మ వేసినప్పుడల్లా "ఐస్‌క్రీమ్ వాసన ఇదే" అనేవాణ్ణి, పిల్లలు నవ్వేవారు. ఆ అణువు కాల్చిన కొయ్యలోనూ పుడుతుందని చదివి ఎరుగుదును. దాని వాసన చూసినది మాత్రం నిరుడు దసరాకు, ఎల్బీనగర్‌లో తమ్ముడి ఇంట్లో, మా నాయన పక్కన కూర్చుని.

మద్యం గురించి రాస్తున్నందుకు మిత్రులు కొందరు నొచ్చుకోవచ్చు. నేను తాగను. అయితే దానికి కారణం నీతి కాదు, సిగ్గు. ఆ సంగతి తరువాత చెబుతాను.

తమ్ముడి కొడుకు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఉద్యోగం చేస్తాడు. పండుగకు వస్తూ ఒక సీసా తెచ్చాడు. అందులోని విస్కీ అంతా ఒక్క పీపాలోంచి దింపినదట, వేరే పీపాది చుక్క కూడా కలపలేదట. చీటీ మీద పీపా సంఖ్య చేత్తో రాసి ఉంది. సాధారణంగా వందలాది పీపాలు కలిపి, ఏ సీసా తెరిచినా ఒకే రుచి వచ్చేటట్టు చూస్తారు. ఒంటి పీపా బర్బన్‌ను ప్రత్యేకంగా అమ్మే ఆచారం 1984లో ఎల్మర్ టి. లీ అనే ఆయన బ్లాంటన్స్ పేరిట మొదలుపెట్టాడు. గొప్ప అంటే ఇక్కడ ఒకే రుచి అని కాదు. పీపాకొక రుచి ఉందని ఒప్పుకోవడం.

అబ్బాయి లెబనన్ అనే ఊళ్ళో పీపాలు చేసే కర్మాగారం చూసి వచ్చాడు. తెల్ల ఓక్ దుంగలను పలకలుగా కోసి నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేస్తారు. ఆ కొయ్య నాళాలలో టైలోసెస్ అనే పొరలు పెరిగి మూసుకుపోతాయి కనుకనే పీపా కారదు. పలకలను వంచి కట్టు బిగించాక లోపల నిప్పు పెడతారు. నిప్పు రెండు రకాలు. భగ్గున మంట పెట్టి నిమిషంలోపే లోపలి గోడను బొగ్గు చేయడం ఒకటి; అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌కు ఇలా మాడ్చిన కొత్త ఓక్ పీపా తప్పనిసరి. మంట తగలకుండా సన్నని సెగ మీద చాలాసేపు కాగనివ్వడం రెండవది. తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, అట్టు కాల్చినట్టే. సెగ నిదానంగా లోపలికి దిగినప్పుడు కొయ్యలోని హెమిసెల్యులోజ్ విరిగి చక్కెరలై పాకం రంగు తేలుతుంది. లిగ్నిన్ విరిగి వనిలిన్ పుడుతుంది. ఓక్‌లో ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. ఇక బొగ్గు పొర గంధకపు కంపును పీల్చుకుంటుంది. వేసవిలో సారా వ్యాకోచించి కొయ్యలోకి చొరబడుతుంది, చలికాలం వెనక్కి వస్తుంది. వస్తూ ఆ రుచులన్నిటినీ మోసుకొస్తుంది. మా అబ్బాయి తెచ్చినది ఇంకొక మెట్టు పైది: మాడ్చిన పీపాలో ఏళ్ళు గడిపాక సెగ చూపిన రెండవ పీపాలోకి మార్చినది.

పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అంటారు. స్కాట్లండులో నూటికి రెండు పాళ్ళయితే, బెంగళూరు ఎండకు పది దాటుతుందని అమృత్ కంపెనీవారు చెబుతారు. వారి సింగిల్ మాల్ట్ 2004లో గ్లాస్గోలో విడుదలయింది. (అదే ఏడు మన నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, మళ్ళీ తెరుచుకున్నది 2014లో.) ఈ లెక్క విని నాయన నవ్వాడు.

"మన దిక్కయితే దేవుళ్ళే అంత తాగిపోతరు బిడ్డా, మనకేం మిగులది."

నాయన కల్లు గీసేవాడు. చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్ళే ఊరు మాది. 1989లో తాడి మీది నుంచి పడి నడుము విరిగాక మళ్ళీ మోకు ముట్టలేదు. ఆయన లొట్టిని కడిగి, బోర్లించి, ఎండు తాటాకు మంట పైన సెగ చూపేవాడు. పాత లొట్టి గోడలో ఈస్టు దాగి ఉంటుంది. సెగ చూపకపోతే కల్లు పొద్దెక్కకముందే పులిసి పుల్లనవుతుంది. ఈస్టు అన్న మాట ఆయనకు తెలియదు. ఏ లొట్టికి ఎంత సెగ కావాలో తెలుసు.

అబ్బాయి గ్లాసులో రెండు వేళ్ళంత పోశాడు. నాయన తాగలేదు. చాలాసేపు వాసన చూశాడు.

"దీనికి సెగ చూపిన్రు. మంట గాదు, సెగ. బెల్లం పాకం అడుగంటినట్టు లేదూ? ఇది ఏ చెట్టుది?"

"చెట్టు కాదు తాతా, పీపా. ఒక్క పీపాది."

"అదే అంటున్న. కలపలేదు గద!"

పోతుతాడు, పండుతాడు, పరుపుతాడు, దేని కల్లు దానిదే. ఒకే రకంలోనూ గట్టు మీది చెట్టు వేరు, చెరువు కింది చెట్టు వేరు. దుకాణంలో అన్నీ ఒక తొట్టిలో పోసి కలిపేస్తారు. పట్నంలోనయితే అందులో మత్తుమందూ కలిసింది. నాయనకు మాత్రం చెరువు కింద ఒక చెట్టు ఉండేది. దాని కల్లు విడిగా దింపి, ఇష్టమైనవాళ్ళకే ఇచ్చేవాడు.

"నేను గూడ ఒకసారి గట్లనే తెచ్చిన," అన్నాడు నాయన మనుమడితో. "మీ పెద్దనాయినకు నౌకరి అయిన కొత్తల. దిల్‌సుఖ్‌నగర్ కాలేజికి. కొత్త లొట్టి, ఆ ఒక్క చెట్టుది. తెల్లారకముందే దింపి మొదటి బస్సుకెక్కిన. సార్లందరు తాగి మస్తు మెచ్చుకున్నరంట."

అది 1988. లొట్టిని గేటు దగ్గరే అందుకున్నాను. ఆయనను లోపలికి పిలవలేదు. ఎవరని ఒక సహోద్యోగి అడిగితే "మా ఊరి మనిషి" అన్నాను. దరఖాస్తులో తండ్రి వృత్తి వ్యవసాయమని రాసి ఉన్నాను మరి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కళాశాల వెనక కాలువలో ఆ కల్లు పారబోశాను. లొట్టిని అక్కడే వదిలేశాను. సార్లు మెచ్చుకున్నారని ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు చెప్పాను.

"అవునా పెద్దనాయినా?" అని అబ్బాయి నా వైపు తిరిగాడు. ఏమీ అనలేకపోయాను. సీసా మీది పీపా సంఖ్య చదువుతున్నట్టు తల వంచుకున్నాను.

నాయన తన గ్లాసు నా వైపు జరిపాడు.

"వాడు తాగడు బిడ్డా. వాసనన్న చూడనీ."